హరిశ్చంద్రుడి వేషం ఎవరికి?

(పిడుగురాళ్లలో చేసిన స్మారక ఉపన్యాసం పూర్తి పాఠం)



మాస్టారి పేరు నా వెనక బ్యానరు మీద ఉంది. నేను మాత్రం ఈ గంటసేపూ మాస్టారు అనే అంటాను. ఆయన బతికుండగా ఎన్నడూ పేరుతో పిలవలేదు, ఇప్పుడు నోరు రాదు. పగలు బడిలో తెలుగు చెప్పేవారు. చీకటి పడ్డాక ఇంటి వసారాలో హార్మోనియం ముందు కూర్చుని పద్యం చెప్పేవారు. సున్నపు బట్టీల్లో పనిచేసేవాళ్ళు, జిన్నింగు మిల్లు కూలీలు, బడిపంతుళ్ళు, కిళ్ళీకొట్టు నడిపేవాళ్ళు అందరూ ఆ వసారాలో ఒకే బొంత మీద కూర్చునేవాళ్ళు. ఎవరి గొంతుకు ఏ వేషం పొసుగుతుందో వినడమే ఆయన పని. ఆ వినడంలో ఆయనకు సాటి వచ్చే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఈ ఉపన్యాసానికి విషయం ఎంచుకోమన్నప్పుడు నేను ఇంట్లో పిల్లల మాటలు విన్నాను. వాళ్ళు ఈ మధ్య ఒక సంగతి మీద తెగ వాదించుకుంటున్నారు. పాత కాలపు కథను సినిమాగానో సీరియల్‌గానో తీసేటప్పుడు ఏ వేషం ఎవరికి ఇవ్వాలి? ఇంగ్లండు దొరల కథలో నల్లజాతి రాణి ఉండొచ్చా? గోండు వీరుడి వేషం ఎవరు కట్టాలి? ఆ వాదనతో ఆగకుండా, సినిమా అయిపోయాక వాళ్ళకు నచ్చిన పాత్రను తీసుకొని వాళ్ళే కొత్త కథ రాస్తున్నారు. దాన్ని ఫ్యాన్ ఫిక్షన్ అంటున్నారు. మనం అభిమాన కల్పన అనుకుందాం. పెద్దవాళ్ళం దాన్ని ఫోను కాలక్షేపం అని కొట్టిపారేస్తున్నాం. నా మట్టుకు నాకు ఆ వాదన వింటుంటే మాస్టారే మాట్లాడుతున్నట్టు అనిపించింది. ఎందుకో చెబుతాను.

ఆ శివరాత్రి

నలభై ఏళ్ళ కిందటి మాట. శివరాత్రి జాగరణకు ఒక ఊళ్ళో సత్యహరిశ్చంద్ర ఆడటానికి ఒప్పుకున్నాం. ఊరి పేరు చెప్పను. ఆ ఊరి పిల్లలు ఈ సభలో ఉండొచ్చు, తాతల మాటను మనవల మీద పెట్టడం న్యాయం కాదు. బయానా ముట్టింది. హరిశ్చంద్రుడి వేషానికి మాస్టారు ఎంచిన కుర్రాడు మాలపల్లె వాడు. పగలు బట్టీ దగ్గర రాయి మోసేవాడు. గొంతెత్తితే మైకు అక్కర్లేదు. రాగం తీసి తీసి పద్యాన్ని చంపే అలవాటు లేదు, మాట మాటా తేటగా వినపడేది.

సాయంత్రం పందిరి వేస్తుంటే నలుగురు పెద్దమనుషులు వచ్చారు. కోపంగా ఏం మాట్లాడలేదు. మర్యాదగానే అడిగారు. "మాస్టారూ, కుర్రాడు బాగా పాడతాడంట. కాటి యజమాని వీరబాహు వేషం ఇవ్వండి. హరిశ్చంద్రుడు మాత్రం ఇంకెవరన్నా కట్టాలి."

మాస్టారు కాసేపు ఆగి అడిగారు. "కాటి సీనులో మీరు వన్స్‌మోర్ కొట్టే పద్యాలు ఎవరివో తెలుసునా?"

"బలిజేపల్లి వారివి."

"నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిదే. ఆ పద్యాలు మాత్రం జాషువా గారివి. మన వినుకొండ మనిషివి. నటులే తెచ్చి నాటకంలో కలుపుకున్నారు. ఆయన పద్యం హరిశ్చంద్రుడి నోట పలకొచ్చు గానీ, ఆయన పేట కుర్రాడు హరిశ్చంద్రుడు కాకూడదా? రాజు కాటికాపరి అయితే మీరు కన్నీళ్ళు పెట్టుకుంటారు. కాటికాపరి ఇంటి బిడ్డ రాజు వేషం కడతానంటే వద్దంటారు. అలాంటప్పుడు ఈ కథ ఎందుకు ఆడించుకోవడం?"

వాళ్ళు ఒప్పుకోలేదు. మేం తెరలు మడిచాం. బయానా తిరిగిచ్చేశాం. ఎడ్లబండి మీద తిరిగొస్తుంటే ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు నేను హార్మోనియం పెట్టె మోసే కుర్రాణ్ణి. ఆ పెద్దమనుషుల ముందు నేను నోరు మెదపలేదు. వీరబాహు వేషంతో సర్దుకుంటే ఆట నడిచేది కదా అని లోపల అనుకున్నాను కూడా. ఆ అనుకోవడం నన్ను ఇన్నేళ్ళూ వదలలేదు. ఇవాళ ఈ విషయం మాట్లాడిస్తున్నదీ అదే.

ఉగాది వెళ్ళాక మరో ఊళ్ళో, పల్లె ముందరి ఖాళీ స్థలంలో అదే కుర్రాడు హరిశ్చంద్రుడు కట్టాడు. కాటి సీను వచ్చింది. ఆ పద్యాలు అంతకుముందు వందసార్లు విన్నవే. శ్మశానంలో రాజూ పేదా, అంటరానివాడూ అంటేవాడూ ఒకటే అన్న భావం వాటిది. అప్పటిదాకా అది నాకు వేదాంతంగా వినపడేది. శ్మశానం దాకా వెళితే తప్ప అందరితో ఒకటి కానివ్వని చోట పుట్టినవాడి గొంతులో ఆ రాత్రి అది ఫిర్యాదుగా వినపడింది. ఒక్క అక్షరం మారలేదు. అర్థం మొత్తం మారిపోయింది.

వేషం ఎవరికిచ్చామన్నది కథలో ఒక భాగమని నేను ఆ రాత్రే తెలుసుకున్నాను. ఇవాళ చెప్పదలచిన మాటకు మూలం అదే.

పల్నాటి కథలో ఎవరు ముందు, ఎవరు వెనక

మనం పల్నాటి వాళ్ళం. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధం మనకు ఇంటి కథ. గురజాలలో నలగామరాజు, ఆయనకు అండగా నాయకురాలు నాగమ్మ. మాచర్లలో మలిదేవరాజు, ఆయనకు అండగా బ్రహ్మనాయుడు. కోడిపందెం, ఓటమి, ఊరు విడవడం, కడకు కార్యమపూడి (ఇప్పటి కారంపూడి) రణరంగం. ఈ కథలో బ్రహ్మనాయుడి సేనకు దండనాయకుడు మాల కన్నమదాసు. అన్ని కులాల వాళ్ళూ ఒకే చాప మీద కూర్చుని తిన్నది చాపకూడు. అంటే వేర్వేరు కులాల మనుషులు ఒకే పంక్తిలో ఉండటం మన కథకు ఎవరో నిన్న మొన్న అతికించినది కాదు. కథకు వెన్నుపూస అదే. దాన్ని తీసేస్తే మిగిలేది అన్నదమ్ముల ఆస్తి తగాదా.

ఈ కథను తరతరాలుగా కాపాడింది ఎవరు? వీరవిద్యావంతులు. మాల కులానికి చెందిన గాయకులు. శ్రీనాథుడు 15వ శతాబ్దంలో దీన్ని ద్విపదగా చెప్పాడని మన సాహిత్య చరిత్ర చెబుతుంది. అక్కిరాజు ఉమాకాంతం గారు దాన్ని పరిష్కరించి అచ్చువేయించారు. జీన్ రోఘైర్ అనే అమెరికా పండితుడు మన వీరవిద్యావంతుల నోటి పాటను రికార్డు చేసుకొని, ఇంగ్లీషులోకి అనువదించి, 1982లో ఆక్స్‌ఫర్డు నుంచి పుస్తకంగా తెచ్చాడు. ఆయన వెతుక్కుంటూ వచ్చింది గాయకుడి గొంతు కోసం.

ఇక సినిమాలు చూడండి. 1947లో వచ్చిన పల్నాటి యుద్ధాన్ని గూడవల్లి రామబ్రహ్మం గారు మొదలుపెట్టారు. ఆయన కన్నుమూశాక ఎల్.వి. ప్రసాద్ గారు పూర్తి చేశారు. గోవిందరాజుల సుబ్బారావు గారు బ్రహ్మనాయుడు, కన్నాంబ గారు నాగమ్మ, అక్కినేని నాగేశ్వరరావు గారు బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు. 1966 నాటి సినిమాలో ఎన్.టి. రామారావు గారు బ్రహ్మనాయుడు, భానుమతి గారు నాగమ్మ. ఈ పేర్లన్నీ మనకు నోటికొచ్చు. కన్నమదాసు వేషం ఎవరు కట్టారని అడిగితే ఈ సభలో ఎంతమంది చెప్పగలరు? ఆ నటుల తప్పు లేదు. మన కన్ను ఎటు తిరిగి ఉందో అది చెబుతుంది. చిన్నప్పుడు వీధిలో పల్నాటి యుద్ధం ఆట ఆడుకునేవాళ్ళం. బాలచంద్రుడి కోసం కొట్టుకునేవాళ్ళం. కన్నమదాసు వేషం ఎవరూ అడిగేవాళ్ళు కాదు. సేనాపతి వేషం అది! చేతికి అందిన సేనాపతిని వదులుకున్న పిల్లలం మేము. ఎందుకు వదులుకున్నామో మాకు ఎవరూ చెప్పలేదు, చెప్పకుండానే తెలుసు.

నాగమ్మ సంగతీ అంతే. జిట్టగామాలపాడు నుంచి వచ్చి రాజ్యం నడిపిన ఆడమనిషి. మన నోట ఆమె పేరు జిత్తులకు మారుపేరుగా మిగిలింది. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు మాత్రం తన నాటకానికి 'నాయకురాలు' అనే పేరు పెట్టారు. మాలపల్లి నవల రాసిన చెయ్యి అది. కథ చెప్పే మనిషి మారినప్పుడు ముందు వరసా వెనక వరసా మారతాయని అంతకంటే రుజువు అక్కర్లేదు.

రంగస్థలం ఏనాడో చేసిన పని

"ఒకరి వేషం ఇంకొకరు కట్టడం పడమటి దేశాల నుంచి వచ్చిన కొత్త పోకడ" అని కొందరు పెద్దలు అంటారు. వాళ్ళకు మన నేల మీది నటులనే చూపిస్తాను.

బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు సత్యభామ కడితే జనం విరగబడి చూశారు. చిత్రాంగి కట్టారు, రోషనార కట్టారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. ఒక మగవాడు సత్యభామ ఎలా అవుతాడని టిక్కెట్టు కొన్నవాడెవడూ అడగలేదు. ప్రకాశం పంతులు గారు కూడా కుర్రతనంలో నాటకాల్లో ఆడవేషాలు వేసిన మనిషే. పొన్నెకల్లులో దూదేకుల కుటుంబంలో పుట్టిన షేక్ నాజర్ గారు బుర్రకథకు పితామహుడయ్యారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, ప్రహ్లాద, క్రీస్తు కథ, అన్నీ ఆయన నోటనే విన్నాం. గుమ్మెట మీద వేళ్ళు పడగానే ముందున్నది బాలచంద్రుడే అనిపించేది. తెలంగాణలో చిందు ఎల్లమ్మ గారు ఆడవేషమూ మగవేషమూ రెండూ కట్టి చిందు భాగవతాన్ని నిలబెట్టారు. సురభి కుటుంబం 1885 నుంచి నాటకమే బతుకుగా బతికింది. ఆడవాళ్ళు స్టేజీ ఎక్కితే ఊరు వేలెత్తి చూపే రోజుల్లో ఆ ఇంటి ఆడపడుచులు వేషం కట్టారు.

వీధి భాగవతాల్లో ముఖానికి అర్దళం పూసేవాళ్ళు. పసుపుపచ్చని ఆ పూత కింద అందరి చర్మం రంగూ ఒకటయ్యేది. పెట్రోమాక్సు వెలుగులో దేవుడూ దేవేరీ ఆ రంగులోంచే పుట్టేవాళ్ళు.

అయితే ఇక్కడ ఒక చేదు నిజం ఉంది, దాటెయ్యకూడదు. స్థానం వారు సత్యభామ కట్టగలిగిన రోజుల్లో చాలా ఊళ్ళలో ఆడమనిషికి సత్యభామ కట్టే వీలు లేదు. ఎవరైనా ఎవరి వేషమైనా కట్టొచ్చు అన్న మాట వినడానికి బాగుంటుంది. ఆచరణలో ఆ స్వేచ్ఛ ఒకవైపే నడిచింది. మగవాడు ఆడవేషం కడితే కళ, ఆడది స్టేజీ ఎక్కితే అపకీర్తి. పెద్ద కులం నటుడు కాటికాపరి కడితే అభినయం, పల్లె కుర్రాడు రాజు కడితే గొడవ. అందుకని వేషం గురించి మాట్లాడేటప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే. ఇది మూసి ఉన్న తలుపు తీస్తున్నదా, తీసి ఉన్న తలుపు మూస్తున్నదా?

2022 మార్చి 25

పిల్లల వాదనలోకి వద్దాం. 2022 మార్చి 25న రెండు కథలు జనం ముందుకు వచ్చాయి. మన పల్నాడు జిల్లా పుట్టడానికి పది రోజుల ముందు. ఒకటి రాజమౌళి గారి ఆర్ఆర్ఆర్. రెండోది నెట్‌ఫ్లిక్స్‌లో బ్రిడ్జర్టన్ రెండో భాగం.

బ్రిడ్జర్టన్ 200 ఏళ్ళ కిందటి లండను దొరల పెళ్ళిళ్ళ కథ. 2020 డిసెంబరులో మొదటి భాగం వచ్చినప్పుడు అందులో రాణి షార్లెట్ వేషం గోల్డా రోషువెల్ అనే నల్లజాతి నటి కట్టింది. రెండో భాగంలో కథానాయికది నవలలో షెఫీల్డు అనే ఇంగ్లీషు ఇంటిపేరు. సీరియల్‌లో ఆమె బొంబాయి నుంచి వచ్చిన కేట్ శర్మ అయింది. ఆ వేషం కట్టిన సిమోన్ ఆష్లీ తమిళ తల్లిదండ్రుల బిడ్డ. చామనఛాయ పిల్ల, పట్టు గౌను, దొర వెంటపడటం. మన ఇళ్ళల్లో ఆడపిల్లలు ఎంత సంబరపడ్డారో నేను చూశాను. తెలుగు సినిమాలో కథానాయికగా కనపడని రంగు వాళ్ళకు లండను కథలో కనపడింది. ఆ సంబరాన్ని చిన్నచూపు చూడకండి.

ఆ పిల్లలే మరో మాట కూడా పట్టుకున్నారు. ఆ ఇంట్లో తండ్రిని అప్పా అంటారు, అక్కను దీదీ అంటారు, చెల్లెల్ని బెంగాలీ వాళ్ళలాగా బోన్ అంటారు. ఇంటిపేరు శర్మ. ఇది ఏ ఊరి ఇల్లు? మొహం తెచ్చారు గానీ ఇల్లు తేలేదు. వేషం ఇస్తే చాలదు, ఆ వేషానికి ఒక ఊరూ, ఒక వంటిల్లూ, ఒక పిలుపూ రాయాలి. మా పిల్ల ఈ మాట చెప్పినప్పుడు మాస్టారుంటే భుజం తట్టేవారనుకున్నాను.

ఆర్ఆర్ఆర్ సంగతి. అల్లూరి సీతారామరాజు 1924 మే 7న నేలకొరిగారు. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగారు. ఇద్దరూ కలుసుకున్నట్టు చరిత్ర లేదు. కలుసుకుని ఉంటే ఎలా ఉండేది అన్న ఊహే ఆ సినిమా. అది కల్పన అని రాజమౌళి గారు ముందే చెప్పారు. ఇద్దరు వీరులను ప్రేమించినవాడు వాళ్ళను స్నేహితులను చేసి చూసుకున్నాడు. సరిగ్గా అభిమాన కల్పన చేసే పని అదే. ప్రపంచం ఆ స్నేహాన్ని మెచ్చింది, నాటు నాటు పాటకు 2023లో ఆస్కారు వచ్చింది.

దానితోపాటు ఆదివాసులు అడిగిన ప్రశ్నలూ ఉన్నాయి. 2020 అక్టోబరులో టీజరు రాగానే, భీం తల మీద ముస్లింలు పెట్టుకునే టోపీ చూసి ఆదిలాబాదు గోండులు నొచ్చుకున్నారు. నిజాం మీద పోరాడి చచ్చిపోయిన మా మనిషికి ఆ వేషం ఏమిటన్నారు. కథలో అది మారువేషం కావచ్చు, కథ చూడకముందు వాళ్ళకు తెలిసే వీలు లేదు. సినిమా వచ్చాక మరో ప్రశ్న లేచింది. చివర్లో భీం, సీతారామరాజు పాత్ర అయిన రాముణ్ణి చదువు చెప్పమని అడుగుతాడు. జల్ జంగల్ జమీన్ అన్నది భీం పేరుతో నిలిచిన నినాదం. అది రాముడి చేతి రాతగా తెర మీదికి వస్తుంది. ఇద్దరు సమానులైన వీరుల్లో ఆదివాసి ఎందుకు శిష్యుడు కావాలి? ఈ ప్రశ్న అడిగినవాళ్ళు సినిమాకు శత్రువులు కారు. చాలామంది దాన్ని రెండుసార్లు చూసినవాళ్ళే. నాకు ఆ ప్రశ్న న్యాయంగా తోచింది. హరిశ్చంద్రుడు అందరి ఊహలో ఉన్న రాజు, ఆ వేషం ఎవరికైనా చెందుతుంది. కొమురం భీం ఇంకా వర్ధంతి జరుపుకుంటున్న ఒక జాతి ఇంటిమనిషి. ఆయన వేషం ఎవరు కట్టినా, ముందు ఆ ఇంటి గడప తొక్కి అడగాలి.

మరో రకం వేషం గురించీ చెప్పాలి. 2015లో బాహుబలి వచ్చింది. దాన్ని నేనూ ఈలలు వేసి చూశాను. అందులో కాలకేయులు గుర్తున్నారు కదా? ఒంటికి నల్ల రంగు, పాచి పళ్ళు, అర్థం కాని భాష, క్రూరత్వం. నలుపు మన ఎండ ఇచ్చిన రంగు. పత్తి చేలో వంగి తీసేవాళ్ళ రంగు, బట్టీ దగ్గర మండే రాయి ముందు నిలబడేవాళ్ళ రంగు. ఆ రంగు ఇంట్లో పుట్టినవాళ్ళకు కథానాయకుడి వేషం ఇవ్వకపోగా, రాక్షసుల కోసం ఆ రంగును డబ్బాలతో పూశాం. వసారాలో మాస్టారు చేసిన పనికి ఇది పూర్తిగా ఎదురు పని. అక్కడ వేషం ఇచ్చి తలుపు తీశారు, ఇక్కడ రంగు పూసి తలుపు మూశాం.

తలుపు తీసిన చోట కూడా ఒక జాగ్రత్త కావాలి. అమెరికాలో 2015లో హామిల్టన్ అనే సంగీత నాటకం వచ్చింది. ఆ దేశ స్థాపకుల వేషాలు నల్లజాతి నటులూ, లాటిన్ అమెరికా మూలాలున్న నటులూ కట్టారు. ఎంతో గొప్ప పేరు వచ్చింది. అక్కడి చరిత్రకారులు కొందరు ఒక మాట అడిగారు. బానిసలను ఉంచుకున్న యజమానుల వేషాలు నల్లవాళ్ళకు ఇచ్చారు సరే, ఆ బానిసలు ఏరి? వాళ్ళు కథలోంచే మాయమయ్యారు. మనకూ ఇది వర్తిస్తుంది. పల్లె కుర్రాడికి బ్రహ్మనాయుడి వేషం ఇచ్చి కన్నమదాసును కథలోంచి తీసేస్తే మనం సాధించింది ఏమీ లేదు.

అభిమాని కలం

ఇక రాసేవాళ్ళ సంగతి. సినిమాలో నచ్చనిది ఉంటే మా తరం టీకొట్టు దగ్గర తిట్టి ఊరుకునేది. ఇప్పటి పిల్లలు తమ కథ తాము రాసుకుంటున్నారు. ఇంగ్లీషులో ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అని అభిమానులే నడుపుకునే కథల భాండారం ఉంది. డబ్బుకు కాదు, ప్రేమకు రాసేవి ఆ కథలు. దానికి 2019లో హ్యూగో పురస్కారం వచ్చింది. ఆర్ఆర్ఆర్ రాముడి మీదా భీం మీదా కూడా అక్కడ ఎన్నో కథలున్నాయి. హ్యారీ పాటర్ కథలోని హెర్మయినీని నల్లపిల్లగా బొమ్మలు వేసింది మొదట అభిమానులే. తరవాత 2016లో లండను నాటకంలో నోమా డుమెజ్వేనీ అనే నల్లజాతి నటి ఆ వేషం కట్టింది. అభిమాని కల ముందు నడిచింది, రంగస్థలం దాని వెనక నడిచింది.

ఇది మనకు కొత్తా? శశిరేఖా పరిణయం వ్యాసుడి భారతంలో లేదు. ఆ పెళ్ళిని జనం ఊహించుకున్నారు. 1957లో కె.వి. రెడ్డి గారు మాయాబజార్ తీస్తే, పాండవులు ఒక్కసారైనా తెర మీదికి రాని భారత కథ తెలుగువాళ్ళందరికీ ఇంటి కథ అయింది. కృష్ణుడూ అర్జునుడూ ఒకరి మీద ఒకరు యుద్ధానికి దిగే గయోపాఖ్యానం కూడా వ్యాసుడిది కాదు. చిలకమర్తి వారి నాటకంగా అది ఊరూరా ఆడింది. భక్తి ఉన్నచోటే ఇలాంటి చనువు పుడుతుంది.

జాషువా గారి గబ్బిలాన్ని చూడండి. 1895లో వినుకొండలో పుట్టి, అంటరానితనం తిన్న కవి. కాళిదాసు మేఘసందేశాన్ని ఆయన ప్రేమించాడు. ప్రేమించాడు గనకనే అందులో తనకు చోటు లేదని గమనించాడు. యక్షుడి స్థానంలో అరుంధతీసుతుణ్ణి నిలబెట్టాడు. మేఘం స్థానంలో, గుడిలోకి అడ్డు లేకుండా ఎగిరిపోగల గబ్బిలాన్ని పెట్టాడు. ప్రియురాలికి వెళ్ళాల్సిన సందేశం కాశీ విశ్వనాథుడికి వెళ్ళింది. 1941లో అచ్చయిన ఆ కావ్యం తెలుగులో వేషం మార్పిడికీ, అభిమాన కల్పనకూ రెండింటికీ ఒకేసారి మకుటం. ఓల్గా గారి 'విముక్త' కథల్లో సీత వెళ్ళి శూర్పణఖనూ అహల్యనూ ఊర్మిళనూ కలుస్తుంది. రామాయణంలో వెనక వరసలో ఉన్న ఆడవాళ్ళు ముందుకు వచ్చి మాట్లాడతారు. ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

వీళ్ళ పక్కన ఫోనులో రాసే ఇంటరు పిల్లను కూర్చోబెట్టడం అతి అని మీకనిపించొచ్చు. పద్యం పట్టు వేరు, అనుభవం వేరు, ఒప్పుకుంటాను. మొదలయ్యే చోటు మాత్రం ఒకటే. "ఈ కథ నాకు ప్రాణం. ఇందులో నేను ఎక్కడ?" అన్న ప్రశ్న దగ్గరే ఇద్దరూ కలం పట్టారు.

అలా రాసే పిల్లలకు మాస్టారు వసారాలో చెప్పిన పాఠాలే చెబుతాను. మూలం బాగా చదవండి. తెలియనితనంతో మార్చేదానికీ, తెలిసి మార్చేదానికీ తేడా పాఠకుడికి రెండో వాక్యంలోనే తెలిసిపోతుంది. చరిత్ర ఏదో మీ కల్పన ఏదో దాచకుండా చెప్పండి. మీది కాని ఇంటి కథ రాస్తే ఆ ఇంటివాళ్ళకు చదివి వినిపించండి, నొచ్చుకుంటే వినండి. వేషం నచ్చకపోతే వేషం ఇచ్చినవాణ్ణి అడగండి, కట్టిన నటిని తిట్టకండి. రంగును బట్టీ కులాన్ని బట్టీ ఒక నటిని బూతులాడే నోటికి అభిమాని అన్న పేరు చెల్లదు.

ఒక విన్నపం

పల్నాటి కథ ఇంకా పూర్తిగా రాయలేదు. ఓడి వెళ్ళేటప్పుడు మాచర్ల వీధుల్లో చాపకూడు తిన్న ఆడవాళ్ళు ఏమనుకున్నారు? యుద్ధానికి వెళ్ళే బాలచంద్రుణ్ణి సాగనంపిన భార్య మాంచాల ఆ తరవాతి రాత్రి ఎలా గడిపింది? కన్నమదాసు తల్లి ఎవరు? కొడుకు సేనాపతి అయిన రోజున ఆమె ఏ బావిలో నీళ్ళు తోడుకుంది? ఈ కథలు నేను ఎక్కడా చదవలేదు. ఈ ఊళ్ళో బట్టీ పని చేసేవాళ్ళ పిల్లలు, మిరప కల్లాల్లో తాలుకాయ ఏరే తల్లుల పిల్లలు ఇవాళ డిగ్రీలు చదువుతున్నారు. వాళ్ళు రాయాలి. తెలుగులో రాయాలి.

నాటకాలు ఆడించే పెద్దలకు ఒక మాట. వచ్చే శివరాత్రికి హరిశ్చంద్ర ఆడించినప్పుడు వేషానికి గొంతు వినండి. ఇంటి పేరూ వీధి పేరూ అడగకండి. కాటి సీను మొదలయ్యే ముందు, ఈ పద్యాలు గుర్రం జాషువా గారివి అని మైకులో ఒక్కసారి చెప్పండి.

ఇక మనందరికీ ఒక మాట. ప్రతి ఏటా కార్తీక అమావాస్యకు కారంపూడి వీర్లగుడి దగ్గర వీరారాధన మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులు. మందపోరు నాడు చాపకూడు ఉంటుంది. ఈసారి పిల్లల్ని తీసుకుని వెళ్ళండి. పక్కన ఎవరు కూర్చున్నారో చూడకుండా ఆ పంక్తిలో తినండి. వీరవిద్యావంతుల పాట తెల్లవార్లూ వినండి. ఇంటికొచ్చాక ఆ పిల్లల చేతికి ఒక నోటుపుస్తకం ఇవ్వండి.

ఆ శివరాత్రి సాయంత్రం నేను మాస్టారి పక్కన నిలబడి ఒక్క మాటైనా అనవలసింది. అనలేదు. ఇప్పుడు అంటున్నాను. హరిశ్చంద్రుడి వేషం ఆ కుర్రాడిదే.